గుండెకు తోడు, కాళ్లకు పని

(శతవార్షికోత్సవముల సందర్భమున వయోధికుల సహవాస కూటములో చేసిన ప్రసంగ పాఠము)



ఈ ఉత్సవములలో నూరేండ్ల సంఘ చరిత్రను గూర్చి, మన బడులను గూర్చి, ఆసుపత్రులను గూర్చి చెప్పుటకు మాకంటె అర్హులు అనేకులున్నారు. కమిటీవారు మాకిచ్చిన అంశము వేరు. పేస్‌మేకర్ పెట్టించుకొన్నవారు వ్యాయామము చేయవచ్చునా, గుండెను ఎట్లు కాపాడుకొనవలెను అను సంగతిని మాట్లాడుమన్నారు. మేము వైద్యులము కాము. వేదాంత కళాశాలలో హృదయమును గూర్చి చాలా విన్నాము గాని, అది నిమిషమునకు ఎన్నిసార్లు కొట్టుకొనునో అక్కడ మాకెవరును చెప్పలేదు. అయినను ఈ అంశము మాకెందుకిచ్చినారో మీలో చాలమందికి తెలియును. మా తల్లిగారు ఆరేండ్లుగా పేస్‌మేకర్‌తో జీవించుచున్నారు. మొదటి రెండేండ్లు మా ఇంటిలో మేము చేసిన తప్పును, తరువాతి నాలుగేండ్లు నేర్చుకొన్న పాఠమును మీ యెదుట ఉంచుటకే నిలువబడితిమి.

ఆ సంవత్సరము క్రిస్మసుకు ముందు, తెల్లవారుజాము ప్రార్థన ముగించుకొని గుడిమెట్లు దిగుచు మా తల్లిగారు కూలబడిపోయినారు. నిమిషములోపే కన్నులు తెరచి, "ఏమీ లేదురా, కళ్లు తిరిగాయి" అన్నారు. అప్పటికి రెండు నెలలుగా ఆమెకు ఆయాసము, నీరసము ఉన్నవి. వయస్సు అనుకొన్నాము, ఉపవాసములు అనుకొన్నాము. మూడవసారి అన్నము ముందు కూర్చుండి కంచముమీదికే ఒరిగిపోయినప్పుడు గాని పట్టణములోని ఆసుపత్రికి తీసికొనిపోలేదు. అక్కడ నాడి చూడగా నిమిషమునకు 36. మామూలుగా కూర్చున్న మనిషికి 60 నుండి 100 వరకు ఉండవలెను. డాక్టరుగారు ఇ.సి.జి. కాగితము చూచి, "కంప్లీట్ హార్ట్ బ్లాక్, పేస్‌మేకర్ పెట్టాలి" అన్నారు.

బ్లాక్ అను మాట వినగానే మాకు తోచినది వేరు. మన ఊళ్లలో "గుండెలో రెండు బ్లాకులు, మూడు బ్లాకులు" అని చెప్పుకొనుట వినియున్నాము గదా! రక్తనాళములు పూడుకొనిపోయినవి, స్టెంటు వేయుదురు, లేదా బైపాస్ చేయుదురు అనుకొని మా బంధువులు డబ్బు వెదకుటకు బయలుదేరినారు. అప్పుడు డాక్టరుగారు మమ్మును కూర్చుండబెట్టి ఒక మాట చెప్పినారు. ఇంటికి నీళ్ల గొట్టములు వేరు, కరెంటు తీగలు వేరు. అట్లే గుండెకును రెండు ఏర్పాట్లున్నవి. రక్తనాళములు నీళ్ల గొట్టముల వంటివి. అవి పూడినయెడల గుండెపోటు వచ్చును. మా తల్లిగారికి చెడినది గొట్టము కాదు, తీగ.

గుండె కుడివైపు పై గదిలో సైనస్ నోడ్ అను చిన్న కణజాలమున్నది. కొట్టుకొనుమను ఆజ్ఞ అక్కడ పుట్టును. ఆర్థర్ కీత్, మార్టిన్ ఫ్లాక్ అను ఇద్దరు దానిని 1907లో లోకమునకు తెలియజేసినారు. అక్కడ పుట్టిన విద్యుత్తు మధ్యలోనున్న మరియొక స్థానము గుండ క్రింది గదులకు దిగును. ఆ దారి తెగిపోయినప్పుడు పై గదుల ఆజ్ఞ క్రిందికి చేరదు. క్రింది గదులు తమంతట తాము నెమ్మదిగా కొట్టుకొనుచు ప్రాణమును నిలుపుచుండును. మెదడుకు చాలినంత రక్తము అందని క్షణమున మనిషి పడిపోవును. ఇదియే కంప్లీట్ హార్ట్ బ్లాక్. దీనికి మాత్రలతో నిలకడైన పరిష్కారము లేదు. పేస్‌మేకర్ అను తోడు అవసరము.

ఆ తోడు ఎట్లు వచ్చినదో కొంచెము చెప్పవలెను, ఏలయనగా మా తప్పు ఎంతటిదో ఆ చరిత్రలోనే మాకు తెలిసినది. 1958 అక్టోబరు 8న స్వీడను దేశపు స్టాక్‌హోములో ఓకే సెన్నింగ్ అను శస్త్రవైద్యుడు, రూనే ఎల్మ్‌క్విస్ట్ అను ఇంజనీరు తయారుచేసిన పేస్‌మేకర్‌ను ఆర్నె లార్సన్ అను రోగి శరీరములో అమర్చినారు. మనిషి లోపల పూర్తిగా అమర్చిన మొదటి పేస్‌మేకర్ అదియే. బూటు పాలిష్ డబ్బాను అచ్చుగా వాడి దానిని పోతపోసినారట. ఆ మొదటి యంత్రము కొన్ని గంటలే పనిచేసినది. అప్పుడు లార్సన్ వయస్సు నలుబది మూడేండ్లు. దినమునకు అనేకసార్లు స్పృహ తప్పి పడిపోవుచుండెడివాడు. ఆయన భార్య పట్టుబట్టి వైద్యులను అడుగబట్టి ఆ ప్రయత్నము జరిగినది. తరువాత తన జీవితకాలములో ఇరువదికి పైగా యంత్రములు మార్పించుకొని, తనకు వైద్యము చేసిన డాక్టరుకంటెను, యంత్రము చేసిన ఇంజనీరుకంటెను ఎక్కువ కాలము బ్రదికి, 2001లో ఎనుబది ఆరేండ్ల వయస్సులో ఆయన మరణించినాడు. ఆ నలుబది మూడేండ్లు ఆయన మంచమునకు అంటుకొని గడపలేదు. పని చేసినాడు, ప్రయాణములు చేసినాడు. ఈ సంగతి మేము ముందే చదివియుంటే ఎంత బాగుండెడిది!

మా తల్లిగారికి అమర్చినది ఎడమ మెడయెముక క్రింద, చర్మము లోపల, చిన్న బిళ్ల వంటిది. దాని బరువు ముప్పది గ్రాములకు మించదు. అందులో బ్యాటరీ ఉన్నది. సన్నని తీగలు రక్తనాళము గుండ గుండె లోపలికి పోయినవి. మేము మొదట అది గుండెను ఎల్లప్పుడు కొట్టుచుండునని తలంచితిమి. అట్లు కాదు. అది రాత్రి కావలివాని వంటిది. గుండె తానే కొట్టుకొనుచున్నచో మౌనముగా చూచుచుండును. కొట్టుకొనుట ఆలస్యమైనచో సన్నని విద్యుత్తు పంపి తట్టి లేపును. ఈ కాలపు యంత్రములు అనేకములలో మరియొక అమరిక గలదు. మనిషి నడచుచున్నాడని శరీరపు కదలికను బట్టి, కొన్నింటిలో శ్వాసను బట్టి కనిపెట్టి, నాడి వేగమును తగినట్లు పెంచును, కూర్చున్నప్పుడు తగ్గించును. అనగా ఆ యంత్రమును చేసినవారు, దానిని ధరించువాడు నడచునని, మెట్లెక్కునని, పని చేయునని ముందే అనుకొనియే చేసినారు.

మేము మాత్రము అట్లు అనుకొనలేదు.

ఆసుపత్రి నుండి పంపునప్పుడు, "ఆరు వారాలు ఎడమ చెయ్యి భుజం కంటే పైకి ఎత్తవద్దు, బరువులు మోయవద్దు" అని చెప్పినారు. క్రొత్తగా పెట్టిన తీగ కొనలు గుండె గోడలో కుదురుకొనువరకు అవి జారిపోకుండుటకు ఆ జాగ్రత్త. మేము ఆరు వారములను మరచిపోయి, వద్దు అను మాటను మాత్రము జ్ఞాపకముంచుకొన్నాము. చెయ్యి ఎత్తనియ్యలేదు. బిందె ముట్టనియ్యలేదు. గుడికి రెండు వందల అడుగుల దూరమే గదా, ఆ దూరమునకును రిక్షా పిలిచినాము. వరండాలో పడకకుర్చీ వేసి, ప్రక్కన చిన్న గంట పెట్టి, ఏమి కావలసినను గంట కొట్టుమన్నాము. చూడవచ్చినవారు తలా ఒక మాట చెప్పినారు. టీవీ దగ్గరికి పోనియ్యవద్దన్నారు ఒకరు; నవ్వనియ్యవద్దన్నారు మరియొకరు! మా ఇంటావిడ ప్రేమకొద్దీ, "అత్తయ్యగారూ, మీరు లేవకండి" అనుచు సమస్తము చేతికందించెడిది. మా పిల్లలు నాయనమ్మ దగ్గర గట్టిగా మాటలాడుటకైనను భయపడిరి.

మా తల్లిగారు ముప్పదియేండ్లు పల్లెలలో బైబిలు స్త్రీగా పనిచేసినవారు. కాలువగట్టు వెంబడి నడచి దినమునకు నాలుగిండ్లు దర్శించినవారు. అట్టి మనిషిని మేము రెండేండ్లు బొమ్మవలె కూర్చుండబెట్టితిమి. ఒళ్లు పెరిగినది. రక్తపోటు పెరిగినది. తొడలలో బలము పోయి, కుర్చీలోనుండి లేచుటకు చెయ్యి పట్టవలసి వచ్చినది. అన్నిటికంటె విచారమేమనగా, ఎడమ భుజము బిగుసుకొనిపోయి తన సిగ తాను ముడుచుకొనలేకపోయినారు. ఆమె దానిని గూర్చి ఫిర్యాదు చేయలేదు. కోడలిచేత తల దువ్వించుకొనునప్పుడు కండ్లు మూసుకొనెడివారు. అది నిద్రమత్తు అనుకొన్నాము.

రెండవ సంవత్సరాంతమున తనిఖీకి వెళ్లినప్పుడు, డాక్టరుగారు బిళ్లమీద చిన్న పరికరము ఉంచి, ఎదుటి తెరమీద లెక్కలు చూచినారు. ఆ యంత్రములో మనిషి దినమునకు ఎంతసేపు కదలుచున్నాడో వ్రాసిపెట్టు అమరిక ఉన్నదని మేమెరుగము. ఆయన మా తల్లిగారిని అడిగినారు: "ఏమ్మా, రోజుకి గంటసేపు కూడా కదలడం లేదు, మంచాన పడ్డారా?" మేము తొందరపడి, "లేదండి, చాలా జాగ్రత్తగా చూచుకొంటున్నాము" అన్నాము. ఆయన కోపగించలేదు. "మీరు జాగ్రత్తగా చూచింది యంత్రాన్నండి, మనిషిని కాదు. బ్యాటరీ బాగుంది, తీగలు బాగున్నాయి. చెడిపోతున్నది మిగతా ఒళ్లు" అన్నారు. అప్పుడు మా తల్లిగారు, రెండేండ్లలో మొదటిసారి, మా యెదుట ఆ మాట అన్నారు: "నన్ను బ్రతికించింది కూర్చోబెట్టడానికేనా నాయనా?"

మేము జవాబు చెప్పలేకపోతిమి. ప్రతి ఆదివారము భయపడవద్దని పీఠము మీదనుండి చెప్పుచు, ఇంటిలో భయమును పడకకుర్చీ వేసి కూర్చుండబెట్టిన గురువులము మేము. పేతురు అత్తగారు జ్వరము విడిచిన వెంటనే లేచి ఇంటి పని చూచినదని పిల్లలకు పాఠము చెప్పుదుము గదా! ఆమెను లేవవద్దన్నవారు ఆ ఇంటిలో ఎవరును లేరు.

ఇక మేము నేర్చుకొన్న సంగతులు వరుసగా చెప్పెదము. ఇవి సాధారణ సంగతులు. ఎవరి గుండె వారిది గనుక, మీ డాక్టరుగారి మాట ముందు, మా మాట తరువాత.

మొదటిది, తొలి వారములు. డాక్టరుగారు చెప్పినన్ని వారములు, సాధారణముగా నాలుగు నుండి ఆరు వరకు, ఆ ప్రక్క చెయ్యి భుజము పైకి ఎత్తకూడదు, బరువు లాగకూడదు. అయితే చేతిని పూర్తిగా కట్టిపడవేయకూడదు. భుజము క్రింది వరకు మెల్లగా కదలించుచుండవలెను; లేనియెడల మా తల్లిగారికైనట్లు భుజము బిగుసుకొనిపోవును. నడకకు మాత్రము ఆరు వారములు ఆగనక్కరలేదు; చాలమంది ఇంటికి వచ్చిన కొద్ది దినములలోనే ఇంటి ఆవరణలో నడువవచ్చును.

రెండవది, నడక. మేము గేటు నుండి గుడి గుమ్మము వరకు, అయిదు నిమిషములతో ఆరంభించితిమి. వారమునకు రెండు మూడు నిమిషములు పెంచుచు పోయితిమి. పెద్దవారు వారమునకు కనీసము 150 నిమిషములు మోస్తరు శ్రమ చేయవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. అనగా వారములో అయిదు దినములు, దినమునకు అరగంట. అది ఒక్కసారి చేయనక్కరలేదు. ఉదయము పది నిమిషములు, సాయంకాలము ఇరువది నిమిషములు అయినను సరియే. మొదటి అయిదు నిమిషములు మెల్లగా, చివరి అయిదు నిమిషములు మెల్లగా నడువవలెను. హఠాత్తుగా ఆగి కూర్చుండకూడదు. అన్నము తిన్న వెంటనే, మండుటెండలో నడువకూడదు.

మూడవది, శ్రమకు కొలత. పేస్‌మేకర్ ఉన్నవారికి నాడిని లెక్కించుట ఒక్కటే నమ్మదగిన కొలత కాదు. వేగమును కొంతవరకు యంత్రము నిర్ణయించుచున్నది. అందుచేత మాటయే కొలత. నడచుచు ప్రక్కవారితో మాటలాడగలిగినచో శ్రమ సరిగానున్నది. పాట పాడగలిగినచో ఇంకొంచెము వేగము పెంచవచ్చును. మాట పూర్తిచేయలేక రొప్పుచున్నచో తగ్గించవలెను. మా తల్లిగారు కోడలితో ఊరి సంగతులన్నియు మాటలాడుచు నడచెదరు గనుక ఈ పరీక్షలో ఎన్నడును తప్పలేదు.

నాలుగవది, యంత్రమును సవరించుట. వేగమునకు ఒక క్రింది హద్దు, ఒక పై హద్దు పెట్టియుందురు. కాలువ వంతెన ఎక్కునప్పుడు ప్రతిసారి ఒకే చోట మా తల్లిగారి కాళ్లు తేలిపోయెడివి. వయస్సు అని మరల అనబోయి, ఈసారి నాలుక కరచుకొని డాక్టరుగారికి చెప్పితిమి. ఏ కోతయు లేకుండ, పైనుండియే పరికరముతో ఆ అమరికను సవరించినారు. శరీరపు కదలికను బట్టి పనిచేయు యంత్రము మెట్లెక్కునప్పుడును, కదలని సైకిలు తొక్కునప్పుడును శ్రమను తక్కువగా అంచనా వేయవచ్చును. కాబట్టి ఏ పనిలో అలసట వచ్చుచున్నదో గుర్తుంచుకొని చెప్పుట మన వంతు.

అయిదవది, వద్దు అనదగినవి. రొమ్ముకు దెబ్బ తగులు కబడ్డి వంటి ఆటలు, కుస్తీలు వద్దు. చేదతో నీళ్లు తోడుట, రోకలితో దంచుట, గొడ్డలితో కట్టెలు కొట్టుట వంటి, భుజమును మాటిమాటికి బలముగా ఆడించు పనులు డాక్టరుగారిని అడుగకుండ మొదలుపెట్టకూడదు. సెల్‌ఫోను చొక్కాజేబులో యంత్రముపై పెట్టకుండ, కనీసము ఆరంగుళముల దూరముననుంచి, అవతలి చెవితో మాటలాడవలెను. ఇండక్షను పొయ్యికి రెండడుగుల దూరము నిలువవలెను. మైక్రోవేవ్, టీవీ, ఫ్యాను, మిక్సీ వలన భయము లేదు. గుడిలో పెద్ద స్పీకరు పెట్టెలలో బలమైన అయస్కాంతములుండును. వాటికి రొమ్ము ఆనించి కూర్చుండవద్దు. వెల్డింగు జరుగుచోటికి పోవద్దు. ఎమ్.ఆర్.ఐ. తీయవలసి వచ్చినచో పేస్‌మేకర్ ఉన్నదని ముందే చెప్పవలెను. క్రొత్తవి కొన్ని దానికి అనుకూలముగా చేయబడినవి, పాతవి అనేకము కావు. ఆసుపత్రివారిచ్చిన కార్డు ఎల్లప్పుడు వెంటనుండవలెను.

ఆరవది, యంత్రము చేయలేని పని. దీనికి ఒక సాక్ష్యము చెప్పెదము. మాకు తెలిసిన ఒక విశ్రాంత మేష్టారు పేస్‌మేకర్ పెట్టించుకొన్న తరువాత, "ఇక నా గుండె ఆగమన్నా ఆగదు" అని నవ్వెడివారు. చుట్ట మానలేదు, ఆవకాయ తగ్గించలేదు, రక్తపోటు మాత్రలు ఒకదినము వేసికొని రెండు దినములు మానెడివారు. ఒక రాత్రి రొమ్ము బరువెక్కి చెమటలు పోసినను, యంత్రమున్నది గదా అని తెల్లవారువరకు ఊరకుండినారు. అది గుండెపోటు. బ్రదికి బయటపడినారు గాని, గుండె బలము కొంత శాశ్వతముగా పోయినది. పేస్‌మేకర్ తీగ పని చూచును. గొట్టముల పని చూడదు. పొగాకు మానుట, ఉప్పు దినమునకు 5 గ్రాములలోపు, అనగా చిన్న చెంచాడులోపు ఉంచుట, రక్తపోటును చక్కెరను అదుపులో ఉంచుట, మందులు క్రమముగా వేసికొనుట మనము చేయవలసినదే. అప్పడములలో, ఊరగాయలలో ఉన్న ఉప్పు కూడ ఆ లెక్కలోనిదే.

ఏడవది, ఆగవలసిన గురుతులు. నడకలో రొమ్మునొప్పి, కండ్లు తిరుగుట, ఎన్నడును లేని ఆయాసము వచ్చినచో వెంటనే ఆగి కూర్చుండవలెను. తగ్గనియెడల, లేదా స్పృహ తప్పినయెడల తడవు చేయక ఆసుపత్రికి పోవలెను. బిళ్లపైని చర్మము ఎఱ్ఱబడినను, వాచినను, చీము కారినను, జ్వరము వచ్చినను, విడువని వెక్కిళ్లు పట్టినను, కాళ్లు వాచినను డాక్టరుగారికి చూపవలెను. బాగున్నను తనిఖీ మానరాదు. బ్యాటరీ పలువురికి ఎనిమిది పండ్రెండేండ్ల మధ్య వచ్చును గాని, అది తగ్గుచున్నదని ముందుగా తెలియజేయునది తనిఖీయే. మరియొక మాట. గుండె ప్రమాదకరముగా పరుగెత్తినప్పుడు షాకు ఇచ్చు యంత్రము వేరొకటి గలదు. అది ఉన్నవారు వ్యాయామమునకు ముందు ప్రత్యేకముగా డాక్టరుగారిని అడుగవలెను.

ఇప్పుడు ఇంటివారికి ఒక మనవి. రోగికి భయముండుట సహజము; పడిపోయిన మనిషికి నేల మీద నమ్మకము పోవును. ఆ భయమును పోగొట్టవలసిన మనమే దానిని పెంచుచున్నాము. "నువ్వు కూర్చో" అనుట సులభము, దానికి మన సమయము అక్కరలేదు. "పద, నేను నీతో వస్తాను" అనుటకు అరగంట కావలెను. మా తల్లిగారికి రెండేండ్లు మేమియ్యనిది ఆ అరగంటయే. ప్రేమ అనుకొన్నదానిలో కొంత మా సోమరితనము కూడ ఉండెనని ఒప్పుకొనుచున్నాము.

సంఘములకును ఒక మనవి. ఈ శతవత్సరమున మనము కట్టువాటిలో గుడిమెట్ల ప్రక్కన పట్టుకొనుటకు ఒక ఇనుప కమ్మి, ఆవరణలో చెట్టు క్రింద రెండు బెంచీలు, సమముగానున్న ఒక నడకబాట చేర్చుదము. వాటికి పెద్ద చందాలు అక్కరలేదు. సాయంకాలము ప్రార్థనకు ముందు పదిమంది పెద్దలు కలిసి నడచినయెడల, ఒంటరిగా నడచుటకు భయపడువారికి ధైర్యము కలుగును. ఎవరైన తూలినచో పట్టుకొనుటకు చేతులుండును.

మా తల్లిగారి సంగతి చెప్పి ముగించెదము. భుజము సడలుటకు ఎనిమిది నెలలు పట్టినది. వ్యాయామము చేయించు అమ్మాయి చెప్పినట్లు, దినదినము గోడమీద వ్రేళ్లు నడిపించి, ప్రతి వారము గోడమీద పెన్సిలు గీత పెట్టించుకొన్నారు. ఆ గీతలు ఇప్పటికిని మా వరండాలో ఉన్నవి. సున్నము వేయించునప్పుడు ఆ భాగమును వదలిపెట్టితిమి. ఒక ఉదయము కోడలు దువ్వెన తీసికొని వచ్చుసరికి ఆమె సిగ ముడుచుకొని సిద్ధముగా కూర్చుండియున్నారు. ఆ దినము మా ఇంటావిడ కంట నీరు పెట్టుకొన్నది.

నేడు ఆమెకు డెబ్బది రెండేండ్లు. వారమునకు అయిదు దినములు కాలువ లాకుల వరకు పోయి వచ్చెదరు. దారిలో ఇద్దరు ముగ్గురు రోగులను పలుకరించుట మానలేదు. ఈ దినము కూడ ఈ సభకు రిక్షా వద్దని నడచియే వచ్చినారు. అదిగో, మూడవ వరుసలో కూర్చున్నారు. గంట మాత్రము ఇప్పుడు సండే స్కూలు పిల్లలను పిలుచుటకు పనికివచ్చుచున్నది.

మీ ఇంటిలో ఎవరైనను గుండె బాగైన తరువాత కూడ కుర్చీలో కూర్చుండియున్నచో, ఈ సాయంకాలము డాక్టరుగారి సలహా కాగితము మరల ఒకసారి తీసి చదువుడి. ఆరు వారములు అని ఉన్నదేమో చూడుడి. తరువాత చెప్పులు తెచ్చి వారి కాళ్ల దగ్గర పెట్టుడి.